రెండు వందల గంటలు

పెట్టె తెరిస్తే జెర్రిపోతు లావు తీగ.
మీద పట్టు తొడుగు, రెండు కొసలా బంగారు పూత,
తొడుగు మీద ఒక బాణం:
పాట ఇటునుంచి అటే పోవాలంట.
ధర నా ఏడు నెలల జీతం.
హవల్లీలో మా అంగడి అద్దాల వెనక
ఏడాది పొద్దు చుట్ట చుట్టుకోని పడుకోని ఉన్నింది.

మిష్రిఫ్‌లో బూ సాలెం ఇంటికి తీసకపోయి బిగించినా.
ఊద్ వాయిద్యం పెట్టుకోని, కండ్లు మూసుకోని
మూడో నిమిషానికే మొగం చిట్లించినాడు.
చెవి దగ్గర గోటితో గీకినట్టు చూపించినాడు.
నాకర్థమయింది. కొత్త చెప్పు కరవడం.

మేనేజరు వజ్దీ నవ్వినాడు.
"కొత్త తీగ గదా సార్. రెండు వందల గంటలు ఏ చప్పుడైనా పారనీ,
రాగి మెత్తబడతాది, గొంతు విచ్చుకుంటాది.
బెన్షల్ ఉండి చూసుకుంటాడు."

బెన్షల్ అంటే నేనే, పెంచలయ్య.
ప ఆయన నోట పలకదు, చ కూడా.

ఇంటాయన పిల్లల్తో బహ్రెయిన్ పోయినాడు.
రేడియో ముల్లు రెండు స్టేషన్ల నడిమి ఆపినా.
స్స్స్ అని ఒకటే పాట, గంటకి అర దినారు ఓవర్‌టైము.
మొదటి రాత్రి అది బొరుగులు వేయించే మంగలం.
రెండో రాత్రి శెనక్కాయలొలిచే ఆడోళ్ల గుంపు.
మూడో రాత్రి బయట దుమ్ముగాలి లేసింది,
కిటికీలకి ఇసక రాసుకుంటా ఉంటే
లోపలి చప్పుడేదో బయటి చప్పుడేదో తెలీలే.
ఐదో రాత్రి అసలు చప్పుడే లేదు.
కరెంటు పోయిందేమోనని దిగ్గున లేసినా.
పచ్చ దీపం వెలగతానే ఉంది.

మా తాత ఓబన్న డప్పు కాచేవాడు.
చొప్ప మంట మీద తిప్పి తిప్పి, వేలితో తట్టి,
"ఇంకా పచ్చిగుంది" అని మళ్లీ మంటకి చూపేవాడు.
తోలు సంగతి వేరు.
తోలుకి చెమ్మ ఉంటాది, వేడికి బిగుస్తాది, చేత్తో తడిమి చూసినోణ్ని.
రాగికేముంది?
నలభై ఏండ్లు నీళ్లు మోసిన బిందె
తడితే బిందె మాదిరే మోగుతాది.

అయినా నమ్మాలనే ఉన్నింది.

ఏడో రోజు దుమ్ము తుడుస్తా, టార్చి వేసి
బల్ల వెనక తీగల వెంబడే పోతే
రేడియోకున్నది పాత తీగ, నల్లది, మూడు దినార్లది.
వారం చప్పుడంతా దాంట్లోనే పారింది.
జెర్రిపోతు పక్కన డిస్కు ప్లేయరుకి తగులుకోని
నిద్రపోతా ఉంది.
ఆ ప్లేయరు నేనొక్కసారన్నా వెలిగించిందే లేదు.

నోటుబుక్కులో నూట అరవై గీతలు.
కొంచేపు చూసినా వాటిని.
మిగతా నలభై కూడా గీసినా,
ముల్లు కదిలించకుండానే.

బూ సాలెం వచ్చినాడు. అదే ఊద్, అదే కుర్చీ.
మొగం చిట్లలే.
వేళ్లు మోకాలి మీద నడిసినాయి.
పాట అయిపోయినాక కూడా కండ్లు తెరవలే.
తెరిస్తే తడి.
"విచ్చుకుంది" అన్నాడు.
వజ్దీ నా భుజం తట్టినాడు.

ఆ తడి అబద్ధం కాదు, ఎవురి ముందరైనా చెప్తా.
తీగ మారలే.
ఎనిమిది రోజులు కాచుకున్న మనిషొకడు
వచ్చి కుర్చీలో కూర్చున్నాడు, అంతే.
అంతేనా?
కథంతా తెలిసి కూడా
నాకూ ఆ పొద్దు ఊద్ మెత్తగానే ఇనపడింది.
దీనికేం చెప్పాలో తాతకన్నా తెలుస్తాదో లేదో.

సామాను వ్యానులో సర్దతా ఉంటే
లోపల్నించి కేక: "బెన్షల్!"
వచ్చిన కొత్తలో, ఇంకెవర్నో అనుకోని
తల కూడా ఎత్తేవాణ్ని కాదు.

"వస్తన్నా" అని తిరిగినా.